ఊళ్లో రెండో నెత్తావి

కళ్లజోళ్ల షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసే నెత్తావికి లోకంలో ఏదీ ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఇంటికి తాళం వేసి లాగి చూస్తుంది, నాలుగు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి లాగి చూస్తుంది. బస్సులో ఎవరినైనా టైమెంతని అడిగితే, వాళ్లు చెప్పింది విని తలూపి, అవతలి సీటువాళ్లని కూడా అడుగుతుంది. కొత్త పెన్ను కొనేటప్పుడు షాపువాడు గీసి చూపించినా సరే, తన అరచేతి మీద తాను గీసుకుంటేగాని అక్కడినుంచి కదలదు.

“అనుమానం పెనుభూతం తల్లీ,” అంటూ ఉంటుంది వాళ్లమ్మ.

“భూతమైనా సరే, ఉందో లేదో చూసుకోవాలి కదా,” అంటుంది నెత్తావి.

ఈ గుణం వల్ల ఆమెకు మేలు జరగలేదని చెప్పడానికి లేదు. ఆరేళ్ల కిందట ఒక సంబంధం దాదాపు కుదిరింది. పెళ్లికొడుక్కి ముప్పై అయిదేళ్లన్నారు. అతని కళ్లజోడు మర వదులైతే, బిగించి ఇస్తానని షాపుకి పట్టుకెళ్లి, పనిలో పనిగా మిషన్ మీద పెట్టి పవరు చూసింది. అద్దం కింది భాగంలో చత్వారం ఒకటిన్నర తేలింది. ముప్పై అయిదేళ్లవాడికి దగ్గరచూపు అంతలా తగ్గదు. ఆరా తీస్తే, జుట్టుకు రంగేసుకున్న ఆ పెళ్లికొడుకు వయసు నలభై ఏడు. ఆ సంబంధం అంతటితో సరి. తర్వాత వచ్చిన రెండు సంబంధాల్లో ఏ లోపమూ దొరకలేదు. దొరకలేదంటే బాగా దాచారన్నమాట అని వాటినీ వద్దంది. ఇప్పుడు ముప్పై నాలుగేళ్లొచ్చాయి. అమ్మానాన్నలతో కలిసి రెండు గదుల వాటాలో ఉంటోంది.

అన్నిటినీ శంకించే నెత్తావి ఒక్క విషయాన్ని మాత్రం ఎన్నడూ శంకించలేదు. అది తన పేరు.

ఆ పేరుతో పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. బళ్లో పిల్లలు “నెత్తి మీద ఆవిరి” అని ఏడిపించేవారు, బుస్సుమని నోటితో చప్పుడు కూడా చేసేవారు. గుర్తింపుకార్డులో మొదటిసారి ‘నేతావి’ అని వచ్చింది, దిద్దమని ఇస్తే ‘నెత్తావు’ అని వచ్చింది. ఫోన్‌లో పేరు చెబితే అవతలివాళ్లు కనీసం రెండుసార్లు “ఏంటీ?” అనాల్సిందే. షాపు యజమాని అయితే పన్నెండేళ్ల కిందట ఆ పేరు వినగానే ఉద్యోగం ఇచ్చేశాడు. అది నేత్రానికి సంబంధించిన పేరని ఆయన గట్టి నమ్మకం. “నేత్రావి అన్న మనిషి కళ్లజోళ్ల షాపులో కాక ఇంకెక్కడుంటుంది?” అని వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోతాడు. ఎన్నిసార్లు దిద్దినా ఆయన నాలుక తిరగలేదు.

నిజానికి ఆ పేరుకి సంబంధం కంటితో కాదు, ముక్కుతో. తావి అంటే సువాసన. బంగారానికి తావి అబ్బినట్టు అంటారే, ఆ తావి. దాని ముందు ‘నిండు’ అని అర్థమిచ్చే ‘నెఱ’ చేరితే నెత్తావి అయింది. నిండు పరిమళం. పాత పద్యాల్లో తప్ప కనబడని మాట. మనిషికి పేరుగా పెట్టగా ఎవరూ వినలేదు. హాజరుపట్టీల్లోనూ పరీక్ష ఫలితాల్లోనూ షాపుకొచ్చే చీటీల్లోనూ నెత్తావి కళ్లు ఆ పేరు కోసం ఊరికే వెతికేవి. ఎప్పుడూ ఒక్కటే దొరికేది, తనది.

“మా నాయనమ్మ పేరమ్మా అది,” అని నాన్న చిన్నప్పుడే చెప్పాడు. “ఆవిడ వీధి మొదట్లో అడుగుపెడితే చివరింటివాళ్లకి తెలిసిపోయేదంట. ఏ అత్తరూ రాయకుండానే.”

నాన్న బడిపిల్లల వ్యాను నడిపి రిటైరైన మనిషి. మాట తక్కువ. అంత పొదుపుగా మాట్లాడేవాడు అబద్ధానికి మాటలు ఖర్చు చేస్తాడని ఎవరనుకుంటారు? నెత్తావి కూడా అనుకోలేదు.

ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి యజమాని వెనకగది కిటికీలోంచి ఒక ట్రే తోశాడు. ప్రతి ట్రేలోనూ ఒక ఫ్రేము, రెండు గుండ్రటి అద్దాలు, ఒక చీటీ ఉంటాయి. చీటీ మీద పేరు, వయసు, పవరు, రెండు కనుపాపల మధ్య దూరం. ఆ దూరాన్ని బట్టే అద్దం నడిబొడ్డు ఎక్కడ రావాలో గుర్తు పెట్టి అరగదీస్తారు. నెత్తావి అలవాటుగా పవరు చూసింది. రెండు కళ్లకీ మైనస్ అయిదు. తర్వాత పేరు చూసింది.

నెత్తావి. వయసు నలభై ఒకటి.

యజమాని పరధ్యానంలో తన పేరు రాసేశాడేమో అనుకుంది. కానీ ఆయన ఆ పేరు ఏనాడూ సరిగ్గా రాసిన పాపాన పోలేదు. ఇది పొల్లు పోకుండా ఉంది. పేరు వరకూ ఎవరిదో నిటారుగా, నొక్కి రాసిన రాత. అంకెలు మాత్రం యజమానివి.

చీటీ పట్టుకుని బయటికొచ్చింది. “సార్, ఈ పేరు ఎవరు రాశారు?”

“ఆవిడే. నేను రాస్తుంటే పెన్ను లాక్కుని మరీ రాసింది.”

“మనిషి ఎలా ఉంటుంది?”

“కళ్లజోడు పెట్టుకుని ఉంటుంది.”

“నా పోలికలేమైనా ఉన్నాయా?”

యజమాని తన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఆమెను పరకాయించి చూశాడు. “పోలికంటే ఒకటుంది. నీలాగే ఎదుటివాణ్ని నమ్మదు. నేను కొలిచిన దూరం మళ్లీ కొలవమంది.”

నెత్తావి అప్పుడు చూసింది ఆ దూరం వైపు. అరవై ఆరు మిల్లీమీటర్లు. షాపుకొచ్చే ఆడవాళ్లలో అరవై రెండు, మూడు దాటేవాళ్లు అరుదు. తనది అరవై ఆరు. నాన్న కళ్లజోడు తానే చేసింది, ఆయనది అరవై ఎనిమిది. ఎడంగా ఉన్న ఆ కళ్లు నాన్ననుంచి తనకు వచ్చాయని అందరూ అంటారు.

నలభై ఒకటి. నాన్న పెళ్లయి ముప్పై ఆరేళ్లు. అంతకు అయిదేళ్ల ముందు పుట్టిన మనిషి. ఆ పేరు, ఆ కళ్లు.

మధ్యాహ్నమంతా ఆమె ఆ ట్రేని పక్కన పెట్టి మిగతా పనులు చేసింది. సాయంత్రం తప్పనిసరై చేతిలోకి తీసుకుంది. యజమాని అంకెలు ఒక పట్టాన తెలియవు. ఆయన రెండు ఆరులా ఉంటుంది, ఆరు రెండులా ఉంటుంది. ఇది అరవై రెండే అయుంటుందని తనకు తాను చెప్పుకుంది. వెళ్లి అడిగితే సరిపోయేది. అడగలేదు. అరవై రెండు లెక్కన గుర్తులు పెట్టి అద్దాలు కోసేసింది. పన్నెండేళ్లలో అడగకుండా చేసిన పని అదొక్కటే.

గురువారం ఆవిడ వచ్చింది. తానే ఇస్తానని నెత్తావి కౌంటరులో కూర్చుంది. పొడగరి, పొట్టి జుట్టు, వేళ్ల కొసల్లో నీలం మరక. బట్టల మిల్లులో రంగులు సరిచూసే పనట. గుడ్డముక్కని నమూనా పక్కన పెట్టి, రంగు కలిసిందో లేదో తేల్చే మనిషి.

“అరుదైన పేరు,” అంది నెత్తావి జోడు తుడుస్తూ. “ఎవరు పెట్టారండీ?”

“మా నాన్న పెట్టాడంట.”

“ఏం చేసేవారు ఆయన?”

“నాకు ఊహ తెలిసేసరికే ఆయన లేడు.”

“లేరంటే?”

“లేడంటే లేడు.” ఆవిడ చెయ్యి చాపింది. “కళ్లజోడు ఇవ్వడానికి ఇవన్నీ కావాలా?”

“రికార్డు కోసం,” అంది నెత్తావి.

“ఏ రికార్డు? ఎవరడిగారు? మీ పేరేంటి?”

నెత్తావి జోడు ఆవిడ చేతిలో పెట్టింది. “నేత్రావి,” అంది చివరికి. యజమాని కౌంటరు అవతలినుంచి తృప్తిగా తలూపాడు. ఆవిడ జోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని, చీటీ కూడా అడిగి తీసుకుని వెళ్లిపోయింది. ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడటమనే పని నెత్తావికి గుర్తే రాలేదు.

ఆదివారం పొద్దున నాన్న కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. నెత్తావి గుమ్మానికి ఆనుకుని, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. “షాపుకి ఒకావిడ వచ్చింది నాన్నా. పేరు నెత్తావి.”

గడ్డం మీద రేజరు ఆగింది. సబ్బునురుగులో సన్నటి ఎర్రగీత దిగింది.

“ఆహా,” అన్నాడు నాన్న.

“నలభై ఒక్కేళ్లంట.”

“ఉంటాయి. ఉండవా మరి?” సగం గడ్డంతోనే లేచి, బాగానే ఉన్న కుళాయిని బాగుచేయడానికి వెళ్లిపోయాడు.

సోమవారం ఇంకా విడ్డూరం. ఆయన తన జోడు మర వదులైందంటూ షాపుకి వచ్చాడు. మర బిగువుగానే ఉంది. నెత్తావి లోపలికెళ్లి వచ్చేసరికి ఆయన మెడ సాచి ఆర్డర్ల పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పుతున్నాడు. కూతురు కనబడగానే పుస్తకం మూసి, గోడమీద అక్షరాల బోర్డు వైపు తిరిగి, అడుగున ఉన్న చిన్న అక్షరంనుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? దొంగ తానే వచ్చి తలుపు తట్టినట్టయింది.

రెండు రోజులు ఆమె నాన్నతో మాట్లాడలేదు. ఆయన అన్నం తినే తీరు, చెప్పులు విడిచే తీరు, అన్నీ వేరే మనిషివిలా కనబడ్డాయి. ఎవరిని వదిలేసి వచ్చాడు? అమ్మకు తెలిస్తే ఏమవుతుంది? తన పేరు తనది కాదా, ఇంకెవరికో పెట్టగా మిగిలిందా?

బుధవారం షాపుకి సెలవు. మధ్యాహ్నం ఆరిన బట్టలు మంచం మీద కుప్ప పోసి అమ్మ, ఆమె మడతపెడుతున్నారు.

“మీ నాన్నని ఎందుకే దొంగని చూసినట్టు చూస్తున్నావు?” అంది అమ్మ.

నెత్తావి ఎంత దాచుదామనుకున్నా ఆగలేదు. షాపుకి తన పేరు మనిషి వచ్చిందని మాత్రం చెప్పి ఊరుకుంది.

అమ్మ దిండుగలేబు దులుపుతూ, “కళ్లజోడు పెట్టుకుంటుందా?” అంది.

నెత్తావి చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. “నీకెలా తెలుసు?”

“చిన్నప్పుడే పెట్టుకునేది. సీసా అడుగంత మందం. జారిపోతుంటే వేలితో పైకి నెట్టుకునేది.” అమ్మ గలేబు మడత సరిచేసింది. “కూర్చో. నిలబడి వినేంత చిన్న కథ కాదు.”

నెత్తావి కూర్చుంది.

“నీకు మూడోనెల నడుస్తుండగా మీ నాన్న వాళ్ల మేనత్త చూడ్డానికి వచ్చింది. ‘మీ అమ్మగారి పేరే పెట్టాం’ అన్నాను, సంతోషిస్తుందని. ఆవిడ తెల్లబోయింది. ‘మా అమ్మ పేరు ఇది కాదే’ అంది. ‘పరిమళమా? మా అమ్మకి పుట్టుకతో ముక్కు పనిచెయ్యదు, పాలు మాడినా తెలిసేది కాదు’ అంది.”

“మరి నాన్నని అడగలేదా?”

“అబద్ధం చెప్పినవాణ్ని అడిగితే ఇంకో అబద్ధం చెబుతాడు. అడక్కూడదు, చూడాలి.” అమ్మ గొంతులో గర్వం తొణికింది. “ఏ ఆడదాని పేరో తెచ్చి నా కూతురికి పెట్టాడనుకున్నాను. కడుపు రగిలిపోయింది. నిన్ను చంకనేసుకుని, టిఫిన్ క్యారేజీ వంకతో బడి దగ్గరికి వెళ్లి గోడవార నిలబడ్డాను. పిల్లలు వ్యాను ఎక్కుతున్నారు. మీ నాన్న లోపలినుంచి కేకేశాడు, ‘నెత్తావీ, చెయ్యి కిటికీలోంచి తియ్యి’ అని. ఏడేళ్ల పిల్ల చెయ్యి లోపలికి తీసుకుంది.”

నెత్తావి అనుమానం అంత తేలిగ్గా వదిలే జాతిది కాదు. “ఆ పిల్లకి తండ్రి లేడమ్మా. అదీ తెలుసా నీకు?”

“తెలీకుండా ఊరుకుంటానా? మర్నాడు వాళ్లింటికే వెళ్లాను. మా పాప పేరూ ఇదేనంటే వాళ్లమ్మ ఎంత మర్యాద చేసిందో. గోడకి భర్త ఫొటో ఉంది. అచ్చు ఆ పిల్లే. అదే నుదురు, కళ్ల మధ్య అదే ఎడం. అచ్చాఫీసులో తప్పులు దిద్దేవాడంట. నిఘంటువు అచ్చవుతుంటే ‘న’ అక్షరం కాగితాలు ఆయన బల్ల మీద ఉన్నరోజున ఈ పిల్ల పుట్టిందంట. ఆ కాగితంలోంచి ఏరి పెట్టాడు. ఏడాది తిరక్కుండా జ్వరమొచ్చి పోయాడు. ఆ కాగితం కూడా చూపించింది.”

“నాన్న అబద్ధం ఎందుకు చెప్పినట్టు?”

“నేను మా అక్క పేరు పెడదామని పట్టుబట్టాను. మా వీధిలో ఆ పేరు పిల్లలు అప్పటికే నలుగురు. పిలిస్తే నాలుగు తలుపులు తెరుచుకునేవి. వ్యానులో ఎక్కే పిల్ల పేరు బాగుందంటే నేను ఒప్పుకునేదాన్నా? పెద్దావిడ పేరంటే నోరెత్తలేను. ఆ కిటుకు ఆయనకి తెలుసు.”

“నీకు తెలుసని ఆయనకి?”

“తెలీదు. తెలిస్తే ఇక నాకేం మిగులుతుంది?” అమ్మ చివరి తువ్వాలు మడతపెట్టి దొంతర మీద పెట్టింది. “అన్నీ తవ్వి అడుగుతావు కదా, ఇదీ ఎప్పుడో అడుగుతావని చూశాను. ఒక్కసారీ అడగలేదు.”

నెత్తావికి సిగ్గేసింది. సిగ్గుతోపాటు ఇంకోటి తట్టింది. ఆ కళ్ల ఎడం అబద్ధం కాదు. అరవై ఆరు అరవై ఆరే.

గురువారం తలుపు తీసేసరికే ఆవిడ మెట్ల మీద నిలబడి ఉంది. జోడు చేతిలో ఉంది, నుదురు ముడిపడి ఉంది.

“వారంగా కళ్లు లాగేస్తున్నాయి. నిన్న మిల్లులో రెండు నీలాలకి తేడా కనిపెట్టలేకపోయాను. పదిహేడేళ్లలో మొదటిసారి.”

యజమాని కంగారుగా అద్దాలు మిషన్ కింద పెట్టబోయాడు. “చూడక్కర్లేదు సార్,” అంది నెత్తావి. “నేను తప్పు కోశాను. మీరు సరిగ్గానే కొలిచారు.” ఆవిడను వెనకగదిలోకి తీసుకెళ్లి స్టూలు వేసింది. మిషన్ పక్కన నిలబడి, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. తన అసలు పేరు, నాన్న, రేజరు, అమ్మ, వ్యాను, అన్నీ.

“మిమ్మల్ని మా నాన్న కూతురనుకున్నాను. ఆ అంకె నిజం కాకూడదనుకుని వేరే అంకె వేశాను.”

ఆవిడ స్టూలు మిషన్ దగ్గరికి జరుపుకుంది. “నేనేమో మీరు నా పేరు మీద ఏదో మోసం చేస్తున్నారనుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్లి కార్డులన్నీ తీసి చూసుకున్నాను, ఏవైనా పోయాయేమోనని.” తర్వాత, “అంటే మీ నాన్న నా పేరు కాజేశాడన్నమాట.”

“అన్నమాటే.”

“ఇన్నాళ్లూ ఇది నాకొక్కదానికే ఉందనుకున్నాను,” అంది. అందులో కోపం ఉందో లేదో నెత్తావికి అంతుపట్టలేదు.

“ఆ వ్యాను డ్రైవరు గుర్తున్నాడా మీకు?”

“వ్యాను గుర్తుంది. వెనక సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చేది, పీకేవాళ్లం. డ్రైవరంటే…” ఆవిడ ఆలోచించింది. “లేదు. ఎవరో ఒకాయన.”

నాన్న తరఫున నెత్తావికి మనసు చివుక్కుమంది.

కొత్త అద్దాలు శనివారానికి తయారయ్యాయి. ఈసారి మూడుసార్లు కొలిచింది. నాన్నను కూడా రమ్మంది, ఎందుకో చెప్పలేదు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కౌంటరు దగ్గర ఆవిడని చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు. ముప్పై ఏళ్లు దాటాయి, అయినా గుర్తుపట్టాడు.

“అమ్మ బాగుందా?” అన్నాడు.

“పోయి నాలుగేళ్లయిందండీ.”

“అయ్యో.” ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. “రోజూ పిల్లల పేర్లు పిలిచి ఎక్కించుకునేవాణ్ని. ముప్పై రెండు పేర్లు. నీది పిలిచినప్పుడే నోటికి బాగుండేది. అంతకుమించి ఏం లేదమ్మా. అడగాల్సింది. ఏడేళ్ల పిల్లని ఏమని అడగను?”

ఆవిడ కొత్త జోడు పెట్టుకుని ఆయన్ని నిదానంగా చూసింది, నమూనాతో గుడ్డముక్కని పోల్చినట్టు. “ఇంకెవరికైనా ఇచ్చారా?” అంది.

“లేదు,” అన్నాడు. తర్వాత, “మన వ్యాను మెకానిక్ మనవరాలికి ఏదైనా మంచి పేరు చెప్పమన్నాడు, నిరుడు,” అన్నాడు.

ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఆవిడే.

నాన్న బయటికొస్తూ కూతురి చెవిలో, “మీ అమ్మకి మాత్రం చెప్పకు. ఈ వయసులో తట్టుకోలేదు,” అన్నాడు. నెత్తావి చెప్పనని మాటిచ్చింది. ఇంట్లో ఇప్పుడు ఇద్దరి రహస్యాలూ ఆమె దగ్గరే ఉన్నాయి. మోయడానికి అంత బరువుగా ఏమీ లేవు.

వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులేమీ కాలేదు. రెండు అనుమానపు ప్రాణాలు ఒకచోట ఇమడటం కష్టం. కానీ రెండు నెలలకోసారైనా ఆవిడ జోడు సరిచేయించుకునే మిషతో వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది. ఒకసారి సంచిలోంచి రెండు అట్టల మధ్య పెట్టిన కాగితం తీసింది. నిఘంటువు అచ్చుకాగితం. పసుపుపచ్చగా మాగిపోయి, అంచులు పెళుసెక్కి ఉంది. నెత్తావి ముందుగా భూతద్దం పెట్టి సిరా చూసింది, కాగితం వెలుతురుకి ఎత్తి చూసింది. పాతదే. అప్పుడు చదివింది. ఆ మాట దగ్గర అచ్చువాడు ఒక ‘త’ వత్తు వదిలేస్తే, పెన్సిలుతో ఎవరో దాన్ని పొందిగ్గా చేర్చారు. పక్కన అదే పెన్సిలుతో చిన్న టిక్కు.

“ఒక్కరోజు ఉంచుతారా? కాపీ తీయించుకుంటాను.”

“ఎందుకు?” అంది ఆవిడ వెంటనే. అట్టలు మూసి నెత్తావి వైపు జరిపింది. “రసీదు రాసివ్వండి.”

అందులో తప్పేముంది, తానైనా అడిగేదే. నెత్తావి షాపు రసీదు పుస్తకం తెరిచి, ‘అచ్చుకాగితం ఒకటి, రేపు సాయంత్రంలోగా తిరిగి ఇవ్వబడును’ అని రాసింది. ఇచ్చినవారు అన్నచోట నెత్తావి అని రాసింది. పుచ్చుకున్నవారు అన్నచోట నెత్తావి అని సంతకం చేసింది. ఆవిడ రసీదు అందుకుని, రెండు పేర్లలోనూ వత్తులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, మడిచి సంచిలో పెట్టుకుంది.